వేరు పొయ్యి

మధ్యాహ్నం పూట మా గ్రామ సచివాలయంలో కరెంటు పోతే ముందు ఫ్యాన్లు ఆగుతాయి. తర్వాత కంప్యూటర్ల కింద ఉన్న బ్యాటరీ పెట్టె కాసేపు కీచుకీచుమని అరిచి అదీ ఊరుకుంటుంది. అప్పుడు గోడ మీది గడియారం వినపడటం మొదలవుతుంది. మొన్న ఎండల్లో అలాగే కరెంటు పోయింది. అర్జీలు పట్టుకుని వచ్చిన నలుగురూ గాలి కోసం బయటికి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే బల్ల దగ్గర కూర్చుని ఉంటే టిక్కు టిక్కుమని ఆ చప్పుడు చెవిన పడింది. నాకు తెలియకుండానే నా కళ్ళు ఎదురు కుర్చీ వైపు వెళ్ళాయి. అచ్చం అలాంటి చప్పుడుతో ఒక మనిషి ఆ కుర్చీలో కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. ఆమె పేరు రాజ్యలక్ష్మి. ఊరంతా రాజ్యమ్మ గారనేవాళ్ళు. ఆ చప్పుడు ఆమె గుండెలోది.

ఆమెను ఎరగనివాళ్ళకు చెప్పాలంటే మామిడి షెడ్డు దగ్గర మొదలుపెట్టాలి. నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే తోటల్లో షెడ్లు లేస్తాయి. రాజ్యమ్మ గారికి సొంతం రెండెకరాల తోట. చిన్న రసాలు, బంగినపల్లి, గట్టు మీద నాలుగు కలెక్టరు చెట్లు. పక్క తోటల కాపు కూడా గుత్తకు తీసుకుని, తన తోటలోనే రేకుల షెడ్డు వేయించి, పాతికమంది ఆడవాళ్ళ చేత కాయ ఏరించి పెట్టెలకెక్కించేది. పదహారేళ్ళకి పెళ్ళయి, ఇరవై రెండేళ్ళకి భర్త పోయి, పిల్లలు లేక, ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికిన మనిషి. ఆమె చెల్లెలు సత్యవతి పురిటిలో పోతే మూడు రోజుల పసిగుడ్డుని ఒడిలో వేసుకుని తెచ్చుకుంది. తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు. ఆ పిల్లవాడే కిషోర్. దత్తత అని కాగితం రాయించుకుందా అంటే లేదు. మా వైపు పెంచుకునేవాళ్ళు పెంచుకుంటారు, అంతే. కాగితం సంగతి ఎవరికీ తట్టదు. బళ్ళో చేర్పించేటప్పుడు తల్లి పేరు దగ్గర హెడ్మాస్టరు గారు రాజ్యలక్ష్మి అని రాయబోతే ఆమే ఆపిందట. "కన్నది సత్యవతి అండీ. దాని పేరు భూమ్మీద ఎక్కడో ఒకచోట ఉండొద్దా" అందట. ఈ మాట ఆమే నాకు గొప్పగా చెప్పుకుంది. ఎంత మంచి మనసో అని నేనూ అనుకున్నాను.

నేను వాళ్ళ ఊరిదాన్ని కాను. మాది పక్క ఊళ్ళో చర్చి వెనక పేట. మా అమ్మ ఏటా రాజ్యమ్మ గారి షెడ్డుకి వెళ్ళేది. డిగ్రీ ఆఖరి ఏడు ఫీజు కట్టడానికి ఒక వేసవి నేను కూడా అమ్మ వెంట వెళ్ళాను. మొదటి రోజే నా చేతిలో కాయ తొడిమ ఊడి సొన కారింది. అది చూసి ఆమె అన్న మాటలు ఇక్కడ రాయలేను. నోరు అలాంటిది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మాత్రం తన గిన్నెలోని పప్పు తెచ్చి నా కంచంలో వేసి, "తిట్టానని తినడం మానేస్తావేంటి, తిట్టు వేరు, తిండి వేరు" అంది.

కాయలు చుట్టడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా తెప్పించేది. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చని తెలిశాక నా పని మారిపోయింది. "అమ్మాయ్, చుట్టే ముందు ఆ కాగితంలో ఏముందో పైకి చదువు" అనేది. సగం చిరిగిన వార్తలు, మొదలుంటే చివర లేనివి, చదువుతూ చుట్టేదాన్ని. కాగితం చిరిగిన చోట నేను ఆగిపోతే మిగతాది ఆమే చెప్పేది. ఎవరో భార్యాభర్తలు కోర్టుకెక్కారని ఉంటే, "ఆఁ, వాళ్ళు రేపో మాపో కలిసిపోతార్లే, పిల్లలున్నారుగా" అని తేల్చేసేది. ఆమె ముగింపుల్లో ఎవరూ విడిపోయేవాళ్ళు కాదు. షెడ్డంతా నవ్వేది.

అలా ఒక రోజు పది రోజుల కిందటి పేపర్లో సచివాలయం ఉద్యోగాల ప్రకటన చదివాను. చదివి, కాయ చుట్టేయబోయాను. "ఆగు" అంది. "అది నువ్వు రాయకూడదా?"

"నాకెక్కడ వస్తుందండీ" అన్నాను.

"పిందె మీదుండగానే పుచ్చని చెప్పేదానివి నువ్వొకత్తివి. రాయి. పరీక్ష అయ్యేదాకా షెడ్డుకి రామాకు. వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా."

కాపు ముమ్మరంగా దిగుతున్న రోజులు. ఒక్క చెయ్యి తగ్గినా కష్టమే. అయినా పంపేసింది. నేను చదువుకున్న రోజులకీ మా అమ్మ చేతికి నా కూలి ఇచ్చి, "దానికి చెప్పమాకు, బెంగతో చదవదు" అందట. ఉద్యోగం వచ్చింది. వచ్చిందీ వాళ్ళ ఊళ్ళోనే, పథకాలు చూసే అసిస్టెంటుగా. నేను చేరిన రోజు ఆమె బుట్టెడు చిన్న రసాలు తెచ్చి, నా ఎదురు కుర్చీలో దర్జాగా కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా "నా దగ్గర పని నేర్చిన పిల్ల" అని చెప్పింది. ఆ రోజు నుంచి ఆఫీసులో పదిమంది ముందు నన్ను "మీరు" అనేది. ఎవరూ లేకపోతే మళ్ళీ "ఏమే" అనేది.

ఇంటింటి సర్వే వచ్చినప్పుడు ట్యాబు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి కిషోర్ ప్రభుత్వ బళ్ళో టీచరు. భార్య మాధవి, నాలుగేళ్ళ పాప. అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. అప్పటి నిబంధనల ప్రకారం ఒక కప్పు కింద ఉన్నా వంటలు వేరైతే వేరు కుటుంబంగా రాసే వీలుంది. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి తెల్లకార్డు ఉండదు. ఆ సంగతి మొహమాటపడుతూనే చెప్పాను. కిషోర్ మాస్టారు కూడా, "అమ్మా, నీ పేరు విడిగా రాయించుకో. కార్డు ఉంటే ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నారు.

రాజ్యమ్మ గారి మొహం ఎర్రబడింది. "నేను బతికుండగానే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టిస్తావట్రా? రేపు ఊళ్ళో ఏమనుకుంటారు? కొడుకూ కోడలూ ముసల్దానికి విడిగా పెట్టారంటారు. నువ్వు రాసుకో అమ్మాయ్. ఇంటి పెద్ద రాజ్యలక్ష్మి. కొడుకు కిషోర్. ఒకే పొయ్యి."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. వేలిముద్ర వేసింది. కొన్ని నెలలకి తెల్లకార్డు రద్దయిందని జాబితా వచ్చి మా గోడకు అంటించాం. సంగతి చెబితే ఆమె నవ్వింది. "పోతే పోయింది. ఆ బియ్యం మేం తింటామా ఏంటి" అంది. కార్డంటే బియ్యమేనని ఆమె అనుకుంది. దాని వెనక ఆసుపత్రి కూడా ఉందని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్పినా వినేది కాదని ఇన్నాళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

రెండేళ్ళు తిరక్కుండానే ఆమెకు ఆయాసం మొదలైంది. తోట గట్టు ఎక్కితే ఆగి ఊపిరి పీల్చుకునేది. తర్వాత పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చునేది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించారు. చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరాలు వచ్చాయా అని డాక్టరు గారు అడిగారట. వచ్చాయి, ఎవరు పట్టించుకున్నారు గనక. ఆ జ్వరం గుండెలో కవాటాన్ని తినేసింది. కోసి, కొత్త కవాటం వెయ్యాలన్నారు. ఆలస్యం చేస్తే మనిషి దక్కదన్నారు. ఖర్చు చెప్పారు. ఇల్లు కట్టుకున్న అప్పు ఇంకా తీరని టీచరు భరించగలిగింది కాదు. ఆ ఏడు పొగమంచుకి పూత మాడిపోయి కాపు కూడా లేదు. మిగిలింది తోట. తోట అమ్మేద్దామని కిషోర్ మాస్టారు అంటే, "అమ్మావంటే ఆపరేషను బల్ల ఎక్కను" అని ఆమె కూర్చుంది. అది పాపకని ఎప్పుడో అనుకున్న తోట.

మాస్టారు ముందు ఉద్యోగుల ఆరోగ్య పథకం కోసం కాళ్ళరిగేలా తిరిగారు. ఉద్యోగి తల్లికి అందులో వైద్యం ఉచితం. ఆ ఆఫీసులో గుమాస్తా కాగితాలు తిరగేసి మర్యాదగానే చెప్పాడట. "మీ పదో తరగతి సర్టిఫికెట్లో తల్లి పేరు సత్యవతి అని ఉందండీ. ఆవిడ పోయారని మీరే రాశారు. ఈవిడ మీకు పెద్దమ్మ అవుతారు. పెద్దమ్మకి రాదండీ." పోనీ ఇప్పుడు దత్తత రాయించుకుందామంటే ముప్పై దాటినవాణ్ణి దత్తత చేసుకోవడం చట్టంలో లేదన్నారు వకీలు గారు. తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చారు. పేదల ఆరోగ్య పథకంలో ఈ ఆపరేషను పైసా లేకుండా చేస్తారు. దానికి కార్డు కావాలి. నా కంప్యూటర్లో ఆమె పేరు కొడితే ఏం వస్తుందో చూడకుండానే నాకు తెలుసు. ఇంటి పెద్ద రాజ్యలక్ష్మి, కొడుకు కిషోర్, ప్రభుత్వ ఉద్యోగి, అనర్హులు. రాసింది నేనే. ఒక పథకంలో అతను ఆమెకు కొడుకు కాదు కాబట్టి రాదు. ఇంకో పథకంలో అతను ఆమెకు కొడుకే కాబట్టి రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టొచ్చు. కానీ అది ముందు డబ్బు కట్టి చేయించుకున్నాక బిల్లులు పెడితే ఎప్పటికో వచ్చేది.

ఒక్క దారి ఉంది. ఆమె ఒంటరి మహిళ అని, వేరుగా వండుకుని బతుకుతోందని, మేం వెళ్ళి చూసి, ఫోటో తీసి పంపితే ఆమెను ఆ కుటుంబం నుంచి విడదీసి కొత్త కార్డు ఇస్తారు. ఆ సాయంత్రం వాళ్ళ వసారాలో కూర్చుని ఈ సంగతి చెప్పాను.

"కాగితమే కదమ్మా" అన్నారు మాస్టారు. "పెరట్లో నాలుగు ఇటుకలు పెట్టి ఫోటో తీయించుకుందాం. నువ్వు ఇక్కడే ఉంటావు."

రాజ్యమ్మ గారు అతని వైపు చూడలేదు. నా వైపే చూసింది. "చూసి రాయాలంటున్నావుగా. చూడనిది చూసినట్టు రాస్తే నీ ఉజ్జోగానికి ముప్పు కాదూ?"

"ఎవరు చూడొచ్చారండీ" అన్నాను. కానీ నా గొంతులో భయం ఆమెకు వినపడే ఉంటుంది. కాయను చేత్తో పట్టుకుని లోపల ఎలా ఉందో చెప్పే మనిషి.

మర్నాడు పొద్దున్నే ఒక ట్రంకు పెట్టె, చాప, రెండు గిన్నెలు రిక్షాలో వేసుకుని తోటకు వెళ్ళిపోయింది. షెడ్డు పక్కన ఖాళీ పెట్టెలు దాచే ఇటుకల గది ఒకటి ఉండేది. అందులో దిగింది. మాధవి ఏడుస్తూ వెనకే వెళితే, "ఏడవమాకే, నాలుగు రోజుల భాగోతం ఇది" అని పంపేసిందట. ఊళ్ళో అనేవాళ్ళు అననే అన్నారు. కొడుకు వెళ్ళగొట్టాడన్నారు. కోడలు పడనివ్వలేదన్నారు. ఆ మాటలకు భయపడే కదా ఆమె మొదట ఒకే పొయ్యి అని రాయించింది. ఇప్పుడు వాటన్నిటినీ వింటూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆ గదిలో కూర్చుంది.

పది రోజుల తర్వాత పరిశీలనకు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి గది ముందు మూడు రాళ్ళ మీద ఎసరు పెట్టి ఊదుతోంది. ఊదుతుంటే ఆయాసం. ఒకసారి ఊది, నాలుగుసార్లు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఊదుతోంది. చూడలేక నేను వంగాను. చేత్తో నన్ను పక్కకి నెట్టింది. "నువ్వు ఊదితే నా పొయ్యి ఎట్టా అవుద్ది? తియ్యి ఫోటో. పొయ్యి కనపడాలన్నావుగా."

ఫోటో తీశాను. తర్వాత ఫారంలో ఉన్న ప్రశ్నలు అడగాలి. తప్పదు. "మీ పోషణ చూసేవాళ్ళు ఎవరున్నారండీ?" అని అడిగాను. తోట కంచె అవతల కిషోర్ మాస్టారు అన్నం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను వెళ్ళాక లోపలికి వద్దామని ఆగినట్టున్నారు. ఆమె అతణ్ణి చూసింది. మంట సర్దుతూ, తల వంచుకుని, "ఎవరూ లేరని రాసుకో" అంది. రాశాను. నేను బండి ఎక్కి వెళుతుంటే మాస్టారు క్యారేజీతో వెనక్కి తిరిగి ఇంటికి నడిచి పోతున్నారు.

కార్డు వచ్చింది. ఆసుపత్రిలో చేర్చే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. హనుమాన్ జంక్షన్ దాకా ఆటోలో, అక్కణ్ణించి బస్సులో. దారంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని ఎవరి తోటలో పూత ఎలా ఉందో చెబుతూనే ఉంది. ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర ఒక కుర్రాడు కాగితాలు చూసి, "ఒంటరి మహిళ అని ఉందండీ. ఆపరేషనుకి సంతకం పెట్టాలి. మీరేమవుతారు ఈవిడకి?" అని మాస్టారిని అడిగాడు.

మాస్టారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఇంత చేసి ఇక్కడ చెడుతుందేమోనని ఇద్దరికీ ఒకటే భయం.

"పక్కింటి వాళ్ళమండీ" అన్నారు.

చక్రాల కుర్చీలో ఉన్న రాజ్యమ్మ గారు తలెత్తి ఆ కుర్రాడితో, "ఔను బాబూ. మంచి పిల్లాడు. చిన్నప్పటి నుంచి ఎరుగుదును" అంది. చాలా మామూలుగా అంది. ఆ కుర్రాడు నవ్వి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. మాస్టారు పెట్టిన ఆ వంకర సంతకం ఆయనది కాదంటే నమ్మొచ్చు.

ఆపరేషను బాగా జరిగింది. లోహపు కవాటం వేశారు. చుట్టూ సద్దుమణిగితే ఆమె గుండెలోంచి టిక్కు టిక్కుమని వినపడేది. మాస్టారి కూతురు ఆమె ఒళ్ళో చేరి గుండెకు చెవి ఆనించి, "నానమ్మ గడియారం మింగింది" అని ఊరంతా చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. నెలనెలా రక్తపరీక్ష. అవన్నీ ఆ పథకం కిందే వచ్చేవి. అందుకని ఆసుపత్రి నుంచి ఆమె నేరుగా తోటలోని ఆ గదికే వెళ్ళింది. మాధవి వారానికోసారి కూర ఏదో తెచ్చిస్తే, "చుట్టాలింటి నుంచి వచ్చింది" అని చమత్కరించి తీసుకునేది. ఇంటికి రమ్మని మాస్టారు ఎన్నిసార్లు అడిగినా "చూద్దాంలే" అనేది. అంతకు మించి చెప్పేది కాదు. తను ఇల్లు చేరితే వేరని రాసిన నా ఉద్యోగానికి ముప్పని చెబితే ఆయన వచ్చి నాతో గొడవ పడతారని, అది నలుగురి నోళ్ళలో పడి నా మెడకు చుట్టుకుంటుందని ఆమె భయం. మాస్టారు ఇంకోలా అనుకున్నారు. ఆసుపత్రిలో తను అన్న మాటకు అమ్మ మనసు విరిగిందనుకున్నారు.

ఏడాది దాటాక, మాఘంలో, తోటలన్నీ పూత మీద ఉన్నప్పుడు, ఆమె ఆఫీసుకు వచ్చింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళేదాకా గోడవార బల్ల మీద కూర్చుంది. ఆఖరున వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. అప్పుడు గదిలో మేమిద్దరమే. "ఏమే" అంటుందనుకున్నాను.

"మీరు సరేనంటే ఇంటికి వెళ్ళిపోతానండీ" అంది. "పాప పెద్దదవుతోంది. పొద్దున్నే దానికి జడ వెయ్యాలనుంది. ఇప్పుడు వెళితే ఏమన్నా అవుద్దా?"

నన్ను అండీ అంది. నా చేతికి పని నేర్పి, నా కూలి రహస్యంగా మా అమ్మకు ఇచ్చి, ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టిన మనిషి, ఇంకెవరూ లేని గదిలో నన్ను బతిమాలుతోంది. అప్పుడే మళ్ళీ సర్వే ఉంటుందని పైనుంచి కబురు వచ్చింది. పక్క మండలంలో తప్పుగా విడదీశారని ఒక అసిస్టెంటుకు మెమో ఇచ్చారని మాలో మేం చెప్పుకుంటున్నాం. నాకు పెళ్ళి కుదిరి ఉంది. ఉద్యోగం పోతే ఏమవుతుందో అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణం చాలు.

"ఇంకొన్నాళ్ళు ఆగండి అమ్మగారూ. ఈ సర్వే అయిపోనివ్వండి. మందులు ఆగిపోతే కష్టం కదా" అన్నాను.

"అట్టాగే" అంది. లేచి, కుర్చీ బల్ల కిందికి తోసి, వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

వైశాఖంలో ఒక పొద్దున, కాయ దిగుతున్న రోజుల్లోనే, పనికి వచ్చిన ఆడవాళ్ళు చూశారు. పొయ్యి మీద అన్నం అడుగంటిపోయి ఉంది. ఆమె గుమ్మంలో ఒరిగి ఉంది. గడ్డ కట్టిన రక్తం మెదడుకు వెళ్ళి ఉంటుందని డాక్టరు అన్నారు. ఇంటికి తీసుకొచ్చారు. అంటే, గేటు దాకా తెచ్చారు. బయట పోయిన మనిషిని గడప లోపలికి తేకూడదని పెద్దలు అడ్డం పడ్డారు. పాప పుట్టినప్పుడు తొలి స్నానం చేయించిన ఇల్లు, ఆమె కష్టంతో పునాది లేచిన ఇల్లు. మాస్టారు ఒక్కరే వాదించారు. ఎవరో పెద్దమనిషి, "వేరుపడి ఏడాదిన్నర అయిందిగా నాయనా, కాగితాల్లో కూడా వేరేగా" అన్నాడు. మాస్టారు తలెత్తి నన్ను చూశారు. నేను ఒక్క మాట అని ఉంటే వినేవాళ్ళేమో తెలియదు. వీధిలో, షామియానా కింద, అరుగుకి నాలుగడుగుల దూరంలో పడుకోబెట్టారు. అక్కణ్ణించే తీసుకెళ్ళారు.

పెద్దకర్మ అయ్యాక నేను ఆ పథకం జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. ఆపరేషను అయిన మనిషి తిరిగి కొడుకు కుటుంబంలో కలిస్తే మందులు ఆగిపోతాయా అని అడిగాను. అటువైపు ఆవిడ కాగితం కూడా చూడకుండా చెప్పింది. "లేదండీ. కేసు ఒకసారి మంజూరయ్యాక మందులు ఆసుపత్రి నుంచి వస్తూనే ఉంటాయి. కార్డు మారినా ఇబ్బంది లేదు. పరిస్థితి మారిందని మీరొక లెటరు పెడితే చాలు." రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఆ పూజారిని నేనే. మాఘం నుంచి వైశాఖం దాకా నా బల్ల మీద ఆ ఫోను అలాగే ఉంది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఫలానాది చెయ్యొచ్చా అని అడిగితే, వాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ ఎదుటే ఫోన్ చేస్తాను. అవతలివాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. కుటుంబాల వివరాలు రాసేటప్పుడు రేపు జబ్బు చేస్తే ఏమవుతుందో కూడా చెప్పి మరీ రాస్తాను. అమంగళం మాటలాడుతుందని ఊళ్ళో నాకు పేరు.

మొన్న సంవత్సరీకానికి పిలవడానికి మాస్టారు ఆఫీసుకు వచ్చారు. పిలిచి, వెళ్ళబోయి, ఆగారు.

"శాంతి గారూ, మీతో చనువుగా ఉండేది కదా. అమ్మ నా మీద కోపంతోనే పోయిందంటారా? నేను ఆ మాట అన్నందుకేనా ఇంటికి రాలేదు?"

అప్పుడు చెప్పాను. మాఘంలో వచ్చిందని, ఇంటికి వెళ్ళిపోతానని అడిగిందని, పాపకు జడ వెయ్యాలందని, ఆగమన్నది నేనేనని, ఆగక్కర్లేదని తర్వాత తెలిసిందని. ఏదీ దాచలేదు. చెప్పి, తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాను.

"అడిగిందా?" అన్నారు.

"అడిగారండీ."

"వస్తానందా?"

"వస్తానన్నారండీ."

ఆయన కండువాతో మొహమంతా తుడుచుకున్నారు. "అయితే మా అమ్మకి నా మీద కోపం లేదు" అన్నారు. నాతో కాదు, తనతోనే అనుకున్నట్టు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, "మంచి మాట చెప్పారమ్మా" అని వెళ్ళిపోయారు. తిట్టాల్సిన మనిషి నాకు దండం పెట్టి వెళ్ళాడు. దాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియడం లేదు.